చేను చూసి విత్తనం, సిస్టమ్ చూసి ఓఎస్

సార్వాకు, అంటే ఖరీఫ్ వరికి ముందు గోదావరి డెల్టాలో ఏ విత్తనాల కొట్టుకైనా వెళ్లి "మంచి విత్తనం ఇవ్వండి" అంటే కొట్టాయన వెంటనే బస్తా తీయడు. "చేను పల్లమాండీ, మెరకాండీ?" అంటాడు. వానకు నీరు ఎన్నాళ్లు నిలుస్తుంది, కాలవకు మొదట్లో ఉందా శివార్లలో ఉందా, పోయినేడు ఏం వేశారు, సుడిదోమ పడిందా, ఇవన్నీ అయ్యాకే బస్తా మీద చెయ్యి పడుతుంది. మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణకు, అంటే ఎంటీయూ 7029కి, ఎంత పేరున్నా అది ఐదు నెలల పంట. కాలవలు కట్టేసేలోపు చేతికి రావలసిన దాళ్వాకు, అంటే రబీ వరికి, దాన్ని ఎవరూ అంటగట్టరు. దానికి 4 నెలల్లో వచ్చే ఎంటీయూ 1010 లాంటివి వేరే ఉన్నాయి.

విండోస్‌కు బదులుగా, ఎవరైనా తీసుకుని వాడుకోగలిగే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) ఎంచుకోవడానికి సాయపడతామనే వెబ్‌సైట్లు చాలావరకు దీనికి తలకిందులుగా నడుస్తాయి. తెరవగానే బస్తాలన్నీ వరసగా పేర్చి చూపిస్తాయి. ఉబుంటు, మింట్, డెబియన్, ఫెడోరా, జోరిన్, ఆర్చ్... ఒక్కోదాని మీద ఓ లోగో, కింద "వేగం, భద్రత, అందం" అని మూడు మాటలు. ఆ మూడు మాటలూ అన్నిటికీ ఒకటే. చూసేవాడికి తన చేను సంగతి ఎవరూ అడగలేదన్న విషయం కూడా తట్టదు. పది నిమిషాలు చూసి, ఏదీ తేలక మూసేస్తాడు.

ఇప్పుడే దీని గురించి మాట్లాడుకోవడానికి కారణం ఓ తేదీ. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. ఇళ్లలో వాడుకునేవాళ్లకు ఇచ్చిన అదనపు గడువు కూడా 2026 అక్టోబర్ దాకానే. విండోస్ 11కి వెళ్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కనీసం 4 జీబీ ర్యామ్, ఇంటెల్ అయితే ఒకటి రెండు మినహాయింపులు పోను ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. భీమవరం, అమలాపురం కాలేజీల్లో ఇంజినీరింగ్ ముగించిన పిల్లలు ఇంట్లో వదిలేసి వెళ్లిన ల్యాప్‌టాప్‌లు, ట్యూషన్ సెంటర్లలో డెస్క్‌టాప్‌లు, రొయ్యల చెరువుల లెక్కలు రాసే గదుల్లోని మిషన్లు, వీటిలో ఆరో తరం, ఏడో తరానివి ఆ గీతకు ఇవతలే ఆగిపోయాయి. అవి పాడైపోలేదు. నిక్షేపంగా పనిచేస్తున్నాయి. సాయం కావలసింది వీటి యజమానులకు. కంప్యూటర్ల మీద సరదా ఉన్న కుర్రాడు ఎలాగూ తన దారి తను వెతుక్కుంటాడు.

నిజానికి పైన చెప్పిన ఉబుంటు, మింట్ లాంటి పేర్లన్నీ లినక్స్ అనే ఓఎస్ రకాలే, వాటిలోనూ చాలా వాటిది ఒకే కుటుంబం. 1993లో డెబియన్ మొదలైంది. దాని మీద 2004లో ఉబుంటు వచ్చింది. ఉబుంటు మీద 2006లో లినక్స్ మింట్ వచ్చింది. వరి రకాలు తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. వశిష్ఠ, మాసూరి రకాలను కలిపితే స్వర్ణ వచ్చింది. ఆ స్వర్ణలోకే ముంపును తట్టుకునే జన్యువును దించితే స్వర్ణ సబ్-1 అయింది. రెండు వారాలు నీటమునిగినా తేరుకుంటుంది. రైతుకు ఈ వంశవృక్షమంతా అక్కర్లేదు. "స్వర్ణే, కాకపోతే ముంపుకి ఆగుతుంది" అన్న ముక్క చాలు. అదే పద్ధతిలో "లోపల ఉబుంటూనే, పైన మాత్రం విండోస్ అలవాటున్నవాళ్లకు చెయ్యి తిరిగేలా కింద పట్టీ, ఎడమ మూల మెనూ ఉంటాయి" అంటే మింట్ గురించి ఇంటివాళ్లకు కావలసింది దాదాపుగా చెప్పేసినట్టే. ఇలా చెప్పడానికి బద్ధకించి ఆరు వరసల పోలిక పట్టిక పెడతారు. ఆ పట్టిక చదివేది దాన్ని తయారుచేసినవాళ్లే.

ర్యాంకుల సంగతీ ఇంతే. 2001 నుంచి నడుస్తున్న డిస్ట్రోవాచ్ అనే లినక్స్ సమాచార సైట్లో పక్కన ఓ జాబితా ఉంటుంది. అది ఆ సైట్లో ఒక్కో ఓఎస్ పేజీని రోజుకు ఎంతమంది తెరిచారన్న లెక్క మాత్రమే. ఎంతమంది వాడుతున్నారనీ, ఏది మంచిదనీ దానికి అర్థం కాదని ఆ సైటే చెబుతుంది. అయినా "నంబర్ వన్ ఓఎస్" వీడియోలు చాలావరకు అక్కడి నుంచే పుడతాయి.

ప్రశ్నలడిగి జవాబు చెప్పే సైట్లు కొంత నయం. వాటిలో ఉన్న లోపం లెక్క కట్టే పద్ధతిలో ఉంది. ప్రతి జవాబుకూ ఒక్కో ఓఎస్‌కు ఇన్ని మార్కులని వేసి, చివర్లో కూడి, ఎక్కువ వచ్చినదాన్ని పైన పెడతాయి. 2 జీబీ ర్యామ్‌తో పాత 32 బిట్ మిషన్ ఉన్న మనిషి అందం కావాలి, ఆటలు కావాలి, సులువుగా ఉండాలి అని మూడు చోట్ల నొక్కితే మార్కులన్నీ కలిసి అతని మిషన్‌లో అసలు నడవనే నడవని ఓఎస్‌ను పైకి తెస్తాయి. ఉబుంటు 32 బిట్ డెస్క్‌టాప్ ఫైళ్లు ఇవ్వడం 2017లోనే మానేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 కూడా ఆ ఇన్‌స్టాలర్‌ను వదిలేసింది. ఆ మిషన్‌కు మిగిలేవి డెబియన్ 12, యాంటీఎక్స్ లాంటి కొన్నే. ముంపు చేలో వేసే విత్తనానికి గింజ సన్నం అని పది మార్కులు, కూలీ తక్కువ అని పది మార్కులు వేసి ఏం లాభం? నీళ్లలో కుళ్లిపోయేది కుళ్లిపోతుంది. కాబట్టి ముందు జల్లెడ పట్టాలి. ఈ మిషన్‌లో లేస్తుందా? మానుకోలేని పని ఏదైనా దీనిలో ఆగిపోతుందా? ఈ రెండింట్లో దాటనివి అక్కడే రాలిపోవాలి. అందచందాల మార్కులు మిగిలినవాటికే.

జల్లెడ పట్టాలంటే మనిషి నుంచి నిజమైన జవాబులు రావాలి. సైటు పనితనం అంతా కనిపించేది ఇక్కడే. "మీ సీపీయూ ఏది?" అని అడగండి. మన వైపు చాలామంది బల్ల కింద ఉన్న పెట్టె చూపిస్తారు. సీపీయూ అంటే లోపలుండే ప్రాసెసర్ చిప్ అయినా, ఆ నల్ల పెట్టె మొత్తాన్నీ సీపీయూ అనడమే అలవాటు, అందులో వాళ్ల తప్పేం లేదు. "మెమరీ ఎంత?" అంటే "ఐదొందల జీబీ" అంటారు, అది హార్డ్ డిస్క్. ర్యామ్ అని విడిగా అడిగినా ఫోన్ అలవాటు కొద్దీ 128 అనేస్తారు. ఇంగ్లిష్ సైటును తెలుగులోకి దించితే సరిపోదని తెలిసేది ఇలాంటి చోటే. "కేంద్ర సంవిధాన విభాగం" అని రాస్తే మరీ అన్యాయం, రాసినవాడికి తప్ప ఎవరికీ అర్థం కాదు.

మరి మిషన్ సంగతి సైటే స్వయంగా కనిపెట్టలేదా? కొంతవరకు చేయగలదు. క్రోమ్ లాంటి బ్రౌజర్లు ర్యామ్ ఎంతో ఉజ్జాయింపుగా చెబుతాయి, కోర్లు ఎన్నో చెబుతాయి. చిక్కు ఏమిటంటే, సైటు తెరిచేది ఫోన్‌లో. మూల గదిలో దుమ్ము పట్టిన డెస్క్‌టాప్ గురించి వెతికే మనిషి మంచం మీద పడుకుని ఫోన్‌లో వెతుకుతాడు. సైటు ఎంతో తెలివిగా ఆ ఫోన్ ర్యామ్‌ను కొలిచి, ఎనిమిది కోర్లున్నాయని మురిసిపోయి, దాని ప్రకారం సలహా ఇస్తుంది. అందుకే మొదటి ప్రశ్న "మీరు ఇప్పుడు చూస్తున్నది ఆ కంప్యూటర్‌లోనేనా, ఫోన్‌లోనా?" అయ్యుండాలి. ఫోన్ అంటే, కంప్యూటర్ దగ్గరకు వెళ్లి సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిచి, ఆ తెరను ఫోటో తీసుకోమని చెప్పాలి. ఆ తెర ఎలా ఉంటుందో బొమ్మ చూపించి, చూడాల్సిన మూడు వరసల (ప్రాసెసర్, ర్యామ్, సిస్టమ్ టైప్) చుట్టూ గీత గీయాలి.

ఆ మూడో వరస దగ్గర కాస్త ఆగాలి. అక్కడ ఒక్కోసారి "32 బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64 ప్రాసెసర్" అన్న అర్థంలో ఇంగ్లిష్ వాక్యం ఉంటుంది. సగం చదివి "మాది 32 బిట్టే" అనుకుని నొక్కేస్తారు. మిషన్ 64 బిట్‌దే, దాని మీద ఎవరో 32 బిట్ విండోస్ ఎక్కించారు. కామాకు ముందున్న ముక్క ఇప్పుడు లోపలున్న విండోస్ గురించి, తర్వాతి ముక్క మిషన్ గురించి. సైటు అడగాల్సింది రెండోదాన్నే. ఈ ఒక్క కామా దగ్గర జారితే, మింట్ హాయిగా నడిచే మిషన్‌ను తీసుకెళ్లి ఏ మూలనున్న చిన్న ఓఎస్‌కో కట్టేస్తాం.

రెండో జల్లెడ పని గురించి. ఇక్కడ "మీరు కంప్యూటర్‌ను దేనికి వాడతారు?" అన్న ప్రశ్న ఎందుకూ పనికిరాదు. అందరూ "ఇంటర్నెట్, సినిమాలు, కొంచెం ఆఫీసు పని" అంటారు. ఆ "కొంచెం"లోనే అసలు కథ ఉంటుంది. దాన్ని విడదీసి అడగాలి. టాలీలో లెక్కలు రాస్తారా? జీఎస్టీకి డిజిటల్ సిగ్నేచర్ పెన్‌డ్రైవ్ గుచ్చుతారా? వేలిముద్ర యంత్రం ఉందా? మాక్రోలున్న ఎక్సెల్ ఫైలు ఎవరైనా పంపుతారా? ప్రింటర్ మోడల్ ఏది? ప్రింటర్ దగ్గర తేడా చాలా ఉంటుంది. హెచ్‌పీ మోడళ్లలో చాలావాటికి లినక్స్‌లో డ్రైవర్, అంటే ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, సిద్ధంగా ఉంటుంది. క్యానన్ ఎల్‌బీపీ 2900 లాంటి పాత లేజర్ ప్రింటర్‌ను కదిలించాలంటే ఓ పూట పడుతుంది, అదీ తెలిసినవాళ్లు కూర్చుంటే.

పాలకొల్లులోనో రావులపాలెంలోనో ఓ డీటీపీ షాపు అనుకోండి. పెళ్లిళ్ల ముహూర్తాలు దగ్గరపడ్డాయి. పేజ్‌మేకర్‌లో శుభలేఖలు, కోరెల్‌డ్రాలో ఫ్లెక్సీలు, అక్షరాలన్నీ అనూ ఫాంట్లలో. ఆ ఫాంట్ల పాత ఫైళ్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లలో ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కావు. ఫాంట్ లేని చోట తెరిస్తే "చి.ల.సౌ." ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, వింత గుర్తులు వస్తాయి. లినక్స్‌లో డిజైన్ పనికి స్క్రైబస్, ఇంక్‌స్కేప్ మంచివే. కానీ పదేళ్ల పాత ఫైళ్లన్నీ ఉన్న మనిషికి, రేపు పొద్దున్నకి కార్డులు ఇవ్వాల్సిన మనిషికి, ఆ మాట చెప్పడం సాయం కాదు. సైటు అతనికి చెప్పాల్సింది: "ఈ మిషన్‌ను కదపకండి. దీనికి ఇంటర్నెట్ తీసేసి డిజైన్ పనికే ఉంచుకోండి. బిల్లులకు, మెయిల్స్‌కు, యూట్యూబ్‌కు ఇంకో పాత మిషన్ ఉంటే దానిలో మింట్ వేసుకోండి." ఓఎస్ ఎంచుకోమని వచ్చినవాడికి "వద్దు" అనే తెర ఒకటి ఉండాలి. అది లేని సైటు సలహా ఇవ్వడం లేదు, ప్రచారం చేస్తోంది.

తెలుగు టైపింగ్ విషయంలో మాత్రం ఇప్పుడు అంత భయం లేదు. యూనికోడ్ తెలుగు దాదాపు అన్నిటిలో సరిగానే కనిపిస్తుంది, భారతీయ భాషలకు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌లోనూ, తెలుగు డెస్క్‌టాప్ కోసం స్వేచ్ఛ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థ వాళ్లు చేసిన ప్రయత్నాల్లోనూ ఈ దారి ఎప్పుడో పడింది.

ఇక డౌన్‌లోడ్. మింట్ ఫైలు సుమారు 3 జీబీ. ఉబుంటు 24.04 దాదాపు 6 జీబీ. ఇంట్లో ఫైబర్ ఉంటే ఇవి అంకెలే. లంక ఊళ్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద, రోజుకు 1.5 జీబీ ప్యాక్ మీద ఉన్నవాళ్లకు మింట్ అంటే 2 రోజుల డేటా, ఉబుంటు అంటే 4 రోజుల డేటా. మధ్యలో కరెంటు పోతే, బ్రౌజర్ మళ్లీ మొదటి నుంచి మొదలుపెడితే, గోవిందా. డెబియన్ చిన్న ఇన్‌స్టాలర్ 1 జీబీ కూడా ఉండదు కదా అని సంబరపడతారు, కానీ డెస్క్‌టాప్‌ను అది ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెట్ నుంచే లాగుతుంది. కాబట్టి సైటులో ఫైలు సైజు పక్కనే "మీ ప్యాక్ మీద ఇన్ని రోజులు" అని రాయాలి, మధ్యలో ఆగినా కొనసాగే టోరెంట్ లింకు ముందు పెట్టాలి. లింకులు అసలు సైట్లవే అయ్యుండాలి, ఫైలు అసలుదేనా అని సరిచూసే పద్ధతి బొమ్మలతో ఉండాలి. 2016 ఫిబ్రవరిలో మింట్ సొంత సైటులోకే ఎవరో చొరబడి, దొంగ ఫైలు వైపు లింకు మార్చేశారు. అసలు సైటుకే అలా జరిగిందంటే వాట్సాప్‌లో వచ్చిన లింకు సంగతి చెప్పక్కర్లేదు.

విత్తనాల దగ్గరకు మళ్లీ వస్తే, చాలామంది రైతులు చివరికి చేసేది పక్క చేను ఆసామి ఏం వేశాడో చూడటం. దీన్ని గుడ్డి అనుకరణ అనుకుంటే పొరపాటు. అదే నేల, అదే కాలవ, అదే దోమ. ఏదైనా వస్తే అడగడానికి మనిషి గట్టు మీదే ఉంటాడు. ఓఎస్ విషయంలో ఈ లెక్క ఇంకా బలంగా పనిచేస్తుంది. "మీ ఇంట్లోగానీ, వీధిలోగానీ, ఫోన్ చేస్తే పలికేవాళ్లలోగానీ లినక్స్ వాడేవాళ్లున్నారా? వాళ్లు ఏది వాడుతున్నారు?" అని అడిగి, ఉన్నారంటే మిగతా ఇష్టాయిష్టాలన్నీ పక్కనపెట్టి అదే చెప్పాలి, జల్లెడ దాటితే చాలు. తమ్ముడి కొడుకు ఫెడోరా వాడుతుంటే పెదనాన్నకు ఫెడోరానే మేలు, 13 నెలలకోసారి కొత్త వెర్షన్‌కు మారాల్సి ఉన్నా సరే, ఎందుకంటే మార్చేది ఆ కుర్రాడే. కేరళ ప్రభుత్వ బడుల్లో గ్నూ/లినక్స్ ఇన్నేళ్లుగా నిలబడటంలోనూ ఇదే కనిపిస్తుంది: బడి అంతా, పక్క బడి కూడా ఒకటే వాడితే ప్రతి సమస్యకూ అడగడానికి ఓ మాస్టారు ఉంటారు.

పలికేవాళ్లు ఎవరూ లేకపోతేనే సైటు తన సొంత బుర్ర వాడాలి. అప్పుడు కూడా ఒక్క పేరే చెప్పాలి, కారణంతో. "మీకు లినక్స్ మింట్, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ ఉన్న రకం. మీ సిస్టమ్‌లో 4 జీబీ ర్యామ్ ఉంది, ఈ రకం తేలిగ్గా ఉంటుంది. విండోస్ అలవాటు పనికొస్తుంది. 22 వెర్షన్‌కు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. వైఫై మాత్రం ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసుకోండి." ఇంతే. కింద చిన్నగా, ఇది పనిచేయకపోతే ప్రయత్నించాల్సిన రెండో పేరు. ఓపెన్ సోర్స్ అంటే లినక్స్ ఒక్కటే కాదు, 1993 నుంచి ఫ్రీబీఎస్‌డీ ఉంది, ఇంకా ఉన్నాయి. ఇంటి వాడకానికి అడిగినవాళ్లకు అవి చూపించక్కర్లేదు. చూపించనందుకు ఎవరైనా తిడితే తిట్టించుకోవచ్చు.

ఆ 2029 లాంటి అంకెలు వాక్యాల్లో రాసి వదిలేస్తే పాడవుతాయి. అవి విడిగా ఓ పట్టికలో ఉండాలి, గడువు ఏడాదిలోపు ఉన్న ఓఎస్‌ను సైటు దానంతటదే వెనక్కి నెట్టాలి. 2029 దాకా ఉంటుందనుకున్న సెంటాస్ 8 అనే లినక్స్ ఓఎస్‌కి 2021 చివర్లోనే మద్దతు ఆపేస్తామని 2020 డిసెంబర్‌లో ప్రకటించారు. ఆ తర్వాత కూడా దాన్ని సిఫారసు చేస్తూ పాత పేజీలు ఎన్నో మిగిలాయి.

రూపం గురించి రెండు మాటలు. ఇంగ్లిష్ కోసం కొలిచిన బటన్లలో తెలుగు పట్టదు. వరసల మధ్య ఖాళీ పెంచకపోతే "రాష్ట్రం"లో కింది ఒత్తులు తెగిపోతాయి. లాగిన్, ఫోన్ నంబర్ అడగకూడదు. జవాబులన్నీ లింకులోనే దాచితే, ఆ లింకును హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కి పంపి "ఇది వేయమంటోంది, సరేనా?" అని అడగొచ్చు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం చివరి మెట్టు మీద ఉంది, ఎంపిక సైట్లు దాని జోలికే పోవు. మన దగ్గర విండోస్ పాడైతే షాపు కుర్రాడు "కావలసినవన్నీ డి డ్రైవ్‌లో వేసేసుకోండి సార్, సి ఒక్కటే ఫార్మాట్ కొడతాను" అంటాడు. ఇరవై ఏళ్లుగా జనానికి తెలిసిన భద్రత ఇదొక్కటే. పెళ్లి ఫోటోలు, పొలం కాగితాల స్కాన్లు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ డి డ్రైవ్‌లో ఉంటాయి. లినక్స్ ఇన్‌స్టాలర్‌లో కనిపించే "ఎరేజ్ డిస్క్" నొక్కితే డిస్క్ మొత్తం పోతుంది. సి, డి అన్న తేడా దానికి లేదు. హెచ్చరిక చూపిస్తుంది, కానీ అది సాధారణంగా ఇంగ్లిష్‌లో ఉంటుంది, చదివినవాడు కూడా "డిస్క్ అంటే సి డ్రైవే కదా" అనుకుంటాడు.

అందుకని డౌన్‌లోడ్ బటన్‌కు ముందు ఇంకో ప్రశ్న ఉండాలి: "మీ ఫోటోలు ఎక్కడున్నాయి?" జవాబులు నాలుగు. సి డ్రైవ్‌లో. డి డ్రైవ్‌లో. విడిగా బయటి హార్డ్ డిస్క్‌లో కూడా ఉన్నాయి. తెలీదు. మూడోది నొక్కినవాళ్లకే బటన్ కనిపించాలి. డి డ్రైవ్ అన్నవాళ్లకు ఎర్ర అక్షరాల్లో "డి డ్రైవ్ కూడా పోతుందండి" అని రావాలి. తెలీదు అన్నవాళ్లను ముందు ఆ ఫోటోలు వెతుక్కోమని పంపాలి.